నోటిమాటతో వెనుదిరగవద్దు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగానికి లిఖితరూపం)



ఆరోగ్య బీమా విషయంలో తగాదా వస్తే న్యాయసహాయం ఎక్కడ దొరుకుతుందో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నేను వకీలును కాను, డాక్టరును కాను, బీమా ఏజెంటును అంతకన్నా కాను. ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అయితే మన మొహల్లాల్లో మాస్టారంటే కాగితం చదివిపెట్టేవాడు, అర్జీ రాసిపెట్టేవాడు అని కూడా అర్థం. మా పెద్ద మాస్టార్ల కాలంలో గల్ఫ్ నుంచి వచ్చిన ఉత్తరాలు తెచ్చి చదివించుకునేవారట. ఆ తరువాత రేషను కార్డులు, స్కాలర్‌షిప్పు ఫారాలు వచ్చాయి. ఇప్పుడు నా దగ్గరకు ఎక్కువగా వస్తున్నవి ఆస్పత్రి బిల్లులు, బీమా కంపెనీల ఉత్తరాలు.

వాటిని చదవగా చదవగా నాకు అర్థమైన సంగతి ఒక్కటే. అది ముందే చెప్పేస్తాను. మధ్యలో లేచి వెళ్లవలసినవారు కూడా దాన్ని వెంట తీసుకుపోవచ్చు. బీమా డబ్బు రాదని ఎవరైనా నోటితో చెబితే అది జవాబు కాదు. కారణం చూపించి కాగితంమీద రాసి ఇస్తేనే అది జవాబు. ఆ కాగితం చేతికి వచ్చిన రోజునుంచి మీకు దారులు తెరుచుకుంటాయి. గడువులు కూడా ఆ రోజునుంచే లెక్కకు వస్తాయి. మనవాళ్లలో చాలామంది ఆ కాగితం అడగకుండానే ఇంటికి వచ్చి, ఇల్లాలి గాజులు తాకట్టు పెట్టి, నసీబు ఇంతే అనుకుంటున్నారు.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు, మన సంఘం సంగతి కూడా. ఎవరింట్లోనైనా ఆపరేషను అనగానే మనం మొదట చేసే పని చందా. జుమా నమాజు అయ్యాక ఒక రుమాలు పరుస్తాం. రిక్షా లాగేవాడు, తోపుడు బండివాడు కూడా పదో ఇరవయ్యో వేస్తాడు. మంచి పనే, అల్లాహ్ కబూలు చేయాలి. కాని ఆ రోగికి పాలసీ ఉండి, కంపెనీ ఇవ్వవలసిన సొమ్ము ఇవ్వకపోతే, కంపెనీ మిగుల్చుకున్న లోటును మన రుమాలు పూడుస్తున్నదన్నమాట. మరో వితంతువుకు, మరో యతీము బిడ్డకు చేరవలసిన డబ్బు అది. అందుకే ఈ విషయం మన సభలో మాట్లాడుకోవలసిందే అంటాను.

మొట్టమొదట మీ చేతిలో ఉన్న కార్డు ఏ జాతిదో తెలుసుకోండి. ఎందుకంటే ఒక్కొక్క దానికి ఫిర్యాదు దారి వేరు.

మొదటిది ప్రభుత్వ పథకం. 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీ అని మొదలైంది. తరువాత ఎన్.టి.ఆర్. వైద్యసేవ అయింది, ఆపైన వై.ఎస్.ఆర్. ఆరోగ్యశ్రీ అయింది, 2024 నుంచి డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్యసేవ అంటున్నారు. వెయ్యి రూపాయలు దాటిన వైద్యాన్ని ఈ పథకంలోకి తెచ్చే ప్రయోగాన్ని 2020 జనవరి 3న మన ఏలూరులోనే ప్రారంభించారు. పేర్లు మారాయి గాని మనం చేయవలసిన పని మారలేదు. పథకంలో ఉన్న ఆస్పత్రిలో ఆ పథకానికి ఒక బల్ల, ఒక వైద్యమిత్ర ఉంటారు. అడ్మిషను కాకముందే అక్కడికి వెళ్లాలి. అక్కడ పని కాకపోయినా, పథకం కింద చేరిన రోగిని విడిగా డబ్బు కట్టమన్నా, ఆస్పత్రి వరండాలోంచే 104కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించి, నంబరు రాసుకోండి. ఆపైన జిల్లా కోఆర్డినేటరు ఉన్నారు, సోమవారం కలెక్టరు కార్యాలయంలో అర్జీలు తీసుకునే కార్యక్రమం ఉంది. దీనికి మనం ప్రీమియం కట్టం గనుక వినియోగదారుల కోర్టు దారి ఇక్కడ సులువుగా కుదరదు. ఒక ముఖ్యమైన మాట: ముందు సొంత డబ్బు కట్టేసి, ఇంటికి వచ్చాక కార్డు చూపిస్తే వ్యవహారం చాలా కష్టమవుతుంది. కార్డు జేబులో ఉండాలి, మొదటి రోజే బల్లమీద పెట్టాలి.

రెండవది జీతంలోంచి కోత పడేది. 10 మంది, అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీల్లో, దుకాణాల్లో నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవారికి ఇ.ఎస్.ఐ. వర్తిస్తుంది. ఏలూరు జూటు మిల్లు కాలం నుంచి మన పెద్దలకు తెలిసిన పథకమే. కార్మికుని జీతంలో నూటికి 75 పైసలు, యజమాని నుంచి నూటికి 3 రూపాయల 25 పైసలు జమ కావాలి. గూడెం మిల్లుల్లో, షాపుల్లో పనిచేసే మన పిల్లలను అడుగుతున్నాను: మీ పేరున అది జమ అవుతున్నదా? జీతం చీటీ చూశారా? ఇ.ఎస్.ఐ. లబ్ధిమీద తగాదా వస్తే దానికి ఉద్యోగుల బీమా న్యాయస్థానం వేరే ఉంది. వైద్యసేవలో లోపం జరిగితే వినియోగదారుల కోర్టుకు కూడా వెళ్లవచ్చునని సుప్రీంకోర్టు 2007లో కిశోర్‌లాల్ కేసులో చెప్పింది. మావంటి ప్రభుత్వోద్యోగులకు, పింఛనుదారులకు ఇ.హెచ్.ఎస్. ఉంది, దానికి శాఖాపరమైన దారి ఉంది.

మూడవది మనం డబ్బు కట్టి కొనుక్కునే పాలసీ. 1986లో ప్రభుత్వ బీమా కంపెనీలు మెడిక్లెయిము పేరుతో మొదలుపెట్టాయి. 2000 తరువాత ప్రైవేటు కంపెనీలు వచ్చాయి. ఇప్పుడు బ్యాంకువాళ్లూ, ఏజెంట్లూ, ఫోను చేసేవాళ్లూ అందరూ అమ్ముతున్నారు. తగాదాలు ఎక్కువగా వచ్చేది దీనితోనే. ఇకమీద నేను చెప్పేదంతా దీని గురించే.

తాడేపల్లిగూడెంలో ఒక దర్జీ భాయి ఉన్నారు. పేరు చెప్పను. భార్యకు పిత్తాశయంలో రాళ్లు పడ్డాయి. పెద్ద ఊరిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆపరేషను చేయించారు. బిల్లు 84,000 రూపాయలు. అప్పటికి కుటుంబం మొత్తానికి పాలసీ తీసుకుని 2 సంవత్సరాల 5 నెలలు అయింది. ఒక్క కిస్తీ తప్పలేదు. డిశ్చార్జి రోజున బీమా బల్ల దగ్గర కుర్రవాడు ఫోనులో ఎవరితోనో మాట్లాడి, "మీది రాదండీ, పాత జబ్బంట" అన్నాడు. ఈయన అంతటితో సరే అన్నారు. గాజులు తాకట్టుకు వెళ్లాయి. 7 నెలల తరువాత కొడుకు స్కాలర్‌షిప్పు ఫారం పట్టుకుని మా ఇంటికి వచ్చి, మాటలమధ్య ఈ సంగతి చెప్పారు. "కంపెనీ కాగితం ఏదీ భాయ్?" అన్నాను. "కాగితం ఎక్కడిది మాస్టర్ సాబ్, లేదన్నారు, వచ్చేశాం" అన్నారు.

క్లెయిము కాగితాలన్నీ పంపి, నిర్ణయం రాతపూర్వకంగా ఇవ్వండని రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాయించాను. నెల తిరక్కుండా జవాబు వచ్చింది. "రోగికి 4 సంవత్సరాలుగా కడుపునొప్పి ఉన్నట్టు ఆస్పత్రి కేసు షీటులో ఉంది. పాలసీకి ముందునుంచీ ఉన్న జబ్బు గనుక ఇవ్వము" అని సారాంశం. ఆ తల్లిని పిలిపించి అడిగితే ఆమె అన్నది, "నాలుగేళ్లు కాదు మాస్టర్ సాబ్, చార్ మహీనే, నాలుగు నెలలు. డాక్టరమ్మకు అదే చెప్పాను." ఇదీ జరిగింది. ఆమె ఉర్దూలో చెప్పింది. డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ తెలుగులో విన్నది. ఇంగ్లీషులో రాసింది. కంపెనీవాళ్లు ఎక్కడో దూరాన కూర్చుని చదివారు. రోగి నోటికీ, రూపాయికీ మధ్య ఇన్ని భాషలు దాటవలసి వచ్చింది. దారిలో నెలలు కాస్తా ఏళ్లయిపోయాయి.

మొదటి స్కాను తేదీ, మొదట చూపించుకున్న ఓ.పి. చీటీ తేదీ వెతికి తీశాం. ఆపరేషను చేసిన సర్జనుగారు వాటిని చూసి, నొప్పి 4 నెలలదేనని, కేసు షీటులో పొరపాటు పడిందని సర్టిఫికెట్ ఇచ్చారు. కంపెనీ ఫిర్యాదుల అధికారికి పంపితే, మా నిర్ణయం మార్చము అని మళ్లీ రాశారు. అప్పుడు బీమా అంబుడ్స్‌మన్‌కు పెట్టాం. వీడియోలో విచారణ జరిగింది. దర్జీ భాయి తన దుకాణంలో కుట్టుమిషను పక్కన కూర్చునే మాట్లాడారు. గది అద్దె ఎక్కువైనందుకు, గ్లౌజులు గట్రా సామానుకు కొంత కోసుకుని, 71,000 రూపాయలు ఇవ్వమని తీర్పు వచ్చింది. వకీలు ఖర్చు లేదు. ఫీజు లేదు. అయిన ఖర్చల్లా జిరాక్సులూ, పోస్టూ.

ఈ కథలో నేర్చుకోవలసినవి నాలుగున్నాయి. ఒకటి, రాతపూర్వకమైన జవాబు. రెండు, తేదీ ఉన్న ప్రతి చీటీ దాచుకోవడం. మూడు, డిశ్చార్జి సమ్మరీ చేతికి ఇచ్చినప్పుడే, ఆస్పత్రి గేటు దాటకముందే, చదువుకున్న పిల్లవాడిచేత చదివించి, జబ్బు ఎంతకాలం నుంచి అన్నచోట ఏమి రాశారో చూసుకోవడం. తప్పుంటే అక్కడే దిద్దించవచ్చు. నాలుగు, గడువు దాటనివ్వకపోవడం.

ఇక దారుల సంగతి వరసగా చెబుతాను. ఎక్కవలసిన మెట్లు మూడు.

మొదటి మెట్టు కంపెనీయే. ప్రతి కంపెనీలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. క్లెయిము తిరస్కరిస్తే పాలసీలోని ఏ షరతు ప్రకారం తిరస్కరించారో ఉత్తరంలో చెప్పాలి. కంపెనీలోని క్లెయిముల సమీక్షా కమిటీ ఆమోదం లేకుండా తిరస్కరించకూడదని బీమా నియంత్రణ సంస్థ 2024 మే నెల సర్క్యులరులో ఆదేశించింది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. దాని 155255 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. బీమా భరోసా అనే దాని పోర్టల్లో మన పిల్లలు సెల్‌ఫోనులోనే నమోదు చేయగలరు. అయితే ఆ సంస్థ ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు చెప్పిస్తుందే గాని, మన తగాదా విని తీర్పు చెప్పదు.

రెండవ మెట్టు బీమా అంబుడ్స్‌మన్. 1998లో వచ్చిన ఏర్పాటు ఇది. ఇప్పుడు నడుస్తున్నవి 2017 నియమాలు. రెండు తెలుగు రాష్ట్రాలకూ కార్యాలయం హైదరాబాదులో ఉంది. కంపెనీ కాదన్నా, ఫిర్యాదు చేసి నెల గడిచినా జవాబు రాకపోయినా ఇక్కడికి వెళ్లవచ్చు. కంపెనీ తుది జవాబు ఇచ్చిన సంవత్సరంలోపు వెళ్లాలి. 50 లక్షల రూపాయల వరకు తగాదా వింటారు. ఫీజు లేదు. ఇక్కడ వకీళ్లు వాదించరు, మన గోడు మనమే చెప్పుకోవాలి. కాగితాలన్నీ అందిన మూడు నెలల్లో తీర్పు ఇవ్వాలని నియమం. ఆ తీర్పుకు కంపెనీ కట్టుబడాలి, 30 రోజుల్లో అమలు చేయాలి. మనకు తృప్తి లేకపోతే మనం పైకి వెళ్లవచ్చు. కాని ఒక్కటి గుర్తుంచుకోండి. అదే తగాదామీద ముందే కోర్టులో కేసు వేసి ఉంటే అంబుడ్స్‌మన్ వినరు. అందుకని చిన్న మొత్తాలకు ముందు ఈ మెట్టు ఎక్కడం మేలు.

మూడవ మెట్టు వినియోగదారుల కమిషన్. 1986 చట్టంతో ఫోరం అనే పేరున వచ్చింది. ఆ చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చి, 2020 జూలై 20 నుంచి అమలులో ఉంది. ఈ కొత్త చట్టంలో మనవంటివారికి పెద్ద మేలు జరిగింది. కంపెనీ ఆఫీసు మద్రాసులో ఉన్నా బొంబాయిలో ఉన్నా, మనం కాపురముంటున్నచోటే కేసు వేయవచ్చు. పాత పశ్చిమ గోదావరి జిల్లాకు కమిషన్ ఏలూరులో ఉంది. కైకలూరు, మండవల్లి వైపువారు 2022 వరకు కృష్ణా జిల్లాలో ఉండి ఏలూరు జిల్లాలోకి వచ్చారు గనుక, తమ కేసు ఏ కమిషన్‌కు వస్తుందో ముందు అడిగి వేసుకోవాలి. మనం కట్టిన ప్రీమియం 5 లక్షలలోపు అయితే ఫీజు లేదు. వకీలును పెట్టుకోవచ్చు, పెట్టుకోకుండా స్వయంగానూ నడుపుకోవచ్చు. తగాదా పుట్టిన 2 సంవత్సరాలలోపు వేయాలి. కంపెనీ 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. మహా అయితే మరో 15 రోజులు ఇస్తారు. అంతకుమించి ఇవ్వడానికి వీల్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చింది. కమిషన్ ఉత్తర్వును పాటించకపోతే జైలు, జరిమానా కూడా ఉన్నాయి. అయితే ఉన్నమాట చెప్పాలి: చట్టంలో నెలలని రాసి ఉన్నా, ఆచరణలో ఏళ్లు పట్టే కేసులు ఉన్నాయి. ఓపిక కావాలి.

ఇక ఉచిత న్యాయసహాయం. 1987 నాటి న్యాయసేవా అధికార సంస్థల చట్టం 1995 నుంచి అమలులో ఉంది. ఏలూరు జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. వారి ఫోను నంబరు 15100. తెర అవతల ఉన్న సోదరీమణులు ఈ మాట ప్రత్యేకంగా వినాలి. ఆ చట్టం ప్రకారం ఆడవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఎస్సీ, ఎస్టీలు, పిల్లలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు కూడా ఆ జాబితాలో ఉన్నారు. మిగతా మగవారికి ఆదాయపరిమితి ఉంది. బీమా సేవను ప్రజోపయోగ సేవల్లో ఒకటిగా ఆ చట్టమే లెక్కించింది గనుక, శాశ్వత లోక్ అదాలత్ ముందుకు కూడా దీన్ని తీసుకుపోవచ్చు. రాజీ కుదరకపోతే తీర్పు చెప్పే అధికారం దానికి ఉంది. ఎక్కడికి వెళ్లాలో న్యాయసేవా సంస్థవారే చెబుతారు. కోర్టు అంటే మనకు భయం. నల్లకోటు చూస్తే ఇల్లు అమ్ముకోవాలేమోనన్న భయం. ఈ గుమ్మాలకు ఆ భయం అక్కరలేదు.

ఇప్పటిదాకా కంపెనీల తప్పు చెప్పాను. మన వైపు కూడా చూసుకోవాలి. క్లెయిములు చచ్చిపోయేది ఆస్పత్రిలో కాదు, చాలాసార్లు పాలసీ కొన్న రోజునే చచ్చిపోతాయి. ప్రపోజల్ ఫారంలో ప్రశ్నలుంటాయి. షుగరు ఉందా, బీపీ ఉందా, ఇంతకుముందు ఆపరేషను అయిందా అని. ఏజెంటు మన దోస్తే, మన మొహల్లావాడే. "అన్నిటికీ లేదు అని పెట్టేద్దాం భాయ్, ప్రీమియం పెరగదు" అంటాడు. మనం చివర సంతకం పెడతాం. సంతకం పెట్టినవాడిదే ఆ మాట, ఏజెంటుది కాదు. రేపు కోర్టులో నిలబడవలసింది మనమే.

సుప్రీంకోర్టు తీర్పులు రెండు వైపులా ఉన్నాయి. 2009లో సత్వంత్ కౌర్ సంధూ కేసులో, భర్తకు మధుమేహం, మూత్రపిండాల జబ్బు ఉన్న సంగతి పాలసీ తీసుకునేటప్పుడు చెప్పలేదని తేలింది. కంపెనీ డబ్బు ఇవ్వకపోవడం సబబేనని కోర్టు అన్నది. ఆ వితంతువుకు ఏమీ దక్కలేదు. 2021 డిసెంబరు 6న మన్మోహన్ నందా కేసులో దీనికి ఎదురు జరిగింది. ఆయన అమెరికా వెళుతూ పాలసీ తీసుకున్నారు, తనకు షుగరు ఉన్నదని ముందే చెప్పారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగగానే గుండెపోటు వచ్చింది, స్టెంట్లు వేశారు. కంపెనీ పాత జబ్బు అన్నది. జాతీయ కమిషన్‌లో ఆయన ఓడిపోయారు. సుప్రీంకోర్టులో గెలిచారు. ఆరోగ్యపరిస్థితి తెలిసి, ప్రీమియం తీసుకుని, పాలసీ ఇచ్చిన తరువాత అదే జబ్బును సాకుగా చూపించి కాదనడానికి వీల్లేదని కోర్టు చెప్పింది. తేడా చూశారా? ఇద్దరికీ షుగరే. ఒక ఫారంలో అది దాగింది, ఒక ఫారంలో ఉంది.

అదే నెలలో జేకబ్ పున్నెన్ కేసులో మరో మంచి తీర్పు వచ్చింది. పాలసీ రెన్యువల్ చేసేటప్పుడు కొత్త షరతు పెట్టి, ఆ సంగతి పాలసీదారుకు చెప్పకపోవడం సేవాలోపమే అన్నారు. కాబట్టి ప్రతి సంవత్సరం వచ్చే రెన్యువల్ కాగితం కూడా చదవాలి, చదవకుండా పెట్టెలో పెట్టవద్దు. శివకాంత్ ఝా అనే కేంద్ర ప్రభుత్వ పింఛనుదారు కేసులో, అత్యవసరంలో జాబితాలో లేని ఆస్పత్రికి వెళ్లాడన్న ఒక్క కారణంతో ఖర్చు ఎగ్గొట్టరాదని 2018లో చెప్పారు. ఇది ప్రభుత్వ పథకాల్లో ఉన్నవారికి పనికివచ్చే తీర్పు.

పాలసీలో మూడు గడువులుంటాయి, పిల్లలకు ఎక్కాలు నేర్పినట్టు ఇంట్లో అందరికీ నేర్పండి. మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప సాధారణంగా దేనికీ రాదు. కంటిశుక్లం, వరిబీజం, పిత్తాశయంలో రాళ్లవంటి కొన్నిటికి సాధారణంగా 24 నెలలు ఆగాలి. ముందునుంచి ఉన్న జబ్బుకు గరిష్ఠంగా 36 నెలలు. 2024 వరకు ఇది 48 నెలలుండేది. ఇక 60 నెలలు ఆపకుండా కట్టినవారికి, మోసం రుజువైతే తప్ప, సంగతి దాచారన్న వంకతో క్లెయిము తిరస్కరించరాదు. పాలసీ చేతికి వచ్చాక 30 రోజుల్లో నచ్చకపోతే తిరిగి ఇచ్చేయవచ్చు. షరతుల సారాంశం మన భాషలో కావాలని అడిగితే కంపెనీ ఇవ్వాలి. 2022లో మన రాష్ట్రంలో ఉర్దూ రెండవ అధికార భాష అయింది, సంతోషించాం. కాని పాలసీ కాగితం తెలుగులోనో ఉర్దూలోనో కావాలని నోరు తెరిచి అడిగినవారు మనలో ఎందరు?

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. మన యువకుల్లో కొందరు లేచి, బీమా అసలు జాయజేనా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 1985లో జిద్దాలో సమావేశమైన ఇస్లామీ ఫిఖ్ అకాడమీ వ్యాపార బీమాను కాదని, పరస్పర సహకారంతో నడిచే పద్ధతిని ఒప్పుకున్నది. మన దేశపు పరిస్థితుల్లో ఏమి చేయాలన్న దానిమీద ఉలమాల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. దానిమీద మాట్లాడే అర్హత నాకు లేదు, ముఫ్తీ సాహెబులను అడగండి. నేను చెప్పేది దాని తరువాతి మాట. ఒకసారి ఒప్పందం మీద సంతకం పెట్టాక నిజం చెప్పడం మన బాధ్యత, ఇస్తామన్నది ఇవ్వడం వారి బాధ్యత. ఖుర్ఆను షరీఫులో అన్నిటికన్నా పొడవైన ఆయతు సూరయె బఖరాలోని 282వది. అది నమాజు గురించి కాదు, రోజా గురించి కాదు. అప్పు వ్యవహారాన్ని రాసిపెట్టుకోవడం గురించి, సాక్షులను పెట్టుకోవడం గురించి. అంతటి ఆయతు ఉన్న ఉమ్మత్ మనది. అయినా కాగితం దాచుకోవడంలో అందరికన్నా వెనుక ఉన్నాం.

దాచుకోవడం గురించి ఒక్కమాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి కొల్లేటికి వరద తాకినప్పుడు ఒడ్డు గ్రామాల్లో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. అటువంటప్పుడు గేదెలను, బియ్యాన్ని, పిల్లలను కాపాడుకుంటాం. కాగితాలు నీళ్లపాలవుతాయి. పాలసీ, ప్రీమియం రసీదులు, ఆస్పత్రి చీటీలు అన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి అటకమీద ఉంచండి. ప్రతిదానికీ సెల్‌ఫోనులో ఫోటో తీసి, వేరే ఊళ్లో ఉన్న కొడుక్కో అల్లుడికో పంపి ఉంచండి. ఇంకో సంగతి. మన ఇళ్లలో పాలసీ మగవాడి పేరున ఉంటుంది, ఎక్కడ పెట్టాడో ఆయనకే తెలుసు. గుండెపోటు వచ్చి మాట పడిపోయింది ఆయనకే అయితే, ఆ తల్లి అర్ధరాత్రి ఏ పెట్టె వెతకాలి? ఇవాళ ఇంటికి వెళ్లగానే ఆ కవరు ఎక్కడుందో ఇల్లాలికి చూపించండి.

చివరగా సంఘానికి రెండు ప్రతిపాదనలు చేస్తున్నాను. ఒకటి, ఆస్పత్రి ఖర్చుకు సహాయం కోరి అర్జీ వచ్చినప్పుడు, చందా మొదలుపెట్టకముందే ఒక ప్రశ్న అడగాలి: కార్డు గాని, పాలసీ గాని, ఇ.ఎస్.ఐ. గాని ఉందా? కాదన్నారా? కాదన్న కాగితం ఏదీ? సహాయం ఆపమని నేననడం లేదు. రోగి మంచంమీద ఉండగా లెక్కలు అడగకూడదు. సహాయం చేస్తూనే ఆ హక్కును కూడా వెంటాడాలి. డబ్బు వచ్చాక, ఇవ్వగలిగినవారు సంఘానికి తిరిగి ఇస్తే అది మరొకరికి పనికివస్తుంది.

రెండు, నెలకొక ఆదివారం మన సంఘం గదిలో ఒక కాగితాల బల్ల పెడదాం. ఇంగ్లీషు చదివి తెలుగులోను ఉర్దూలోను చెప్పగల పిల్లలు ఇద్దరు, సెల్‌ఫోనులో ఫిర్యాదు నమోదు చేయగలవాడు ఒకడు, కాగితాల వరస తెలిసిన ఒక రిటైర్డు గుమాస్తా చాలు. అవసరమైనప్పుడు చూసిపెట్టడానికి ఒక వకీలు సాహెబును బతిమాలుకుందాం. న్యాయసేవాధికార సంస్థవారు పారా లీగల్ వాలంటీర్లకు శిక్షణ ఇస్తారు. మన కుటుంబాల్లో లా చదువుతున్న ఆడపిల్లలు, మగపిల్లలు ఉన్నారు. వారిని పంపుదాం. ఈ బల్లకు కులం, మతం అడ్డు ఉండకూడదు. పక్కవీధి రామయ్యగారు తన ఉత్తరం తెచ్చినా చదివిపెట్టాలి. పొరుగువాడి హక్కు మన దీన్‌లో ఎంత పెద్దదో మీకు తెలియనిది కాదు.

గెలుస్తామని ప్రతిసారీ హామీ ఇవ్వలేను. షరతు నిజంగా మనకు వ్యతిరేకంగా ఉంటే ఓడిపోతాం. అప్పుడు ఎందుకు రాలేదో తెలిసి ఓడిపోతాం, ఆ తెలివి పక్కింటివారికి పనికివస్తుంది. అడగకుండా ఓడిపోవడంలో ఆ లాభం కూడా లేదు.

 రోగులందరికీ అల్లాహ్ షిఫా ప్రసాదించుగాక. ఒకరి కష్టానికి ఒకరం నిలబడే తౌఫీఖ్ మనందరికీ ఇచ్చుగాక. ఆమీన్.

ఖుదా హాఫిజ్.